మొదటి ఉతుకు మన చేతిలోనే పడాలి

బొంతలు కుట్టేవాళ్ల సమావేశంలో చేసిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని రాశాం.

అందరికీ నమస్కారం. వెనక వరసలో వినిపిస్తోందా అండీ? మైక్ కొంచెం దగ్గరికి జరుపుతాను. ఇప్పుడు? సరే.

నన్ను మాట్లాడమన్న విషయం చూడటానికి చాలా చిన్నది. మనం చేత్తో కుట్టిన బొంతని ఎవరికైనా కానుకగా ఇచ్చే ముందు ఉతకాలా, లేక కొత్తది కొత్తగానే ఇవ్వాలా? అంతే. కానీ కుట్టేవాళ్లు నలుగురు ఒకచోట చేరితే దీని మీద మాట తెగదు. ఉతక్కుండా ఎలా ఇస్తాం అంటారు ఒకరు. ఉతికాక అది కొత్తదెలా అవుతుంది అంటారు ఇంకొకరు. ఇద్దరూ నెలల తరబడి కూర్చుని కుట్టినవాళ్లే. ఇద్దరికీ ఆ బొంత మీద ప్రేమే. అందుకే ఈ చర్చని నేను తేలిగ్గా తీసుకోను.

నా మాట ముందే చెప్పేస్తాను. ఉతికే ఇవ్వాలి. కొన్నింటిని మాత్రం నీళ్ల దగ్గరికే తీసుకెళ్లకూడదు, వాటి సంగతి తర్వాత చెబుతాను. కానీ మంచం మీద కప్పుకోవడానికో, పిల్లలు ఆడుకోవడానికి నేల మీద పరవడానికో, సోఫాలో కాళ్ల మీద వేసుకోవడానికో ఇచ్చే బొంత ఏదైనా సరే, ఉతికే ఇవ్వాలి.

ఎందుకో చెబుతాను. బొంతకి ఏదైనా కావలసి ఉంటే ఎక్కువగా ఎప్పుడవుతుంది? మొదటి ఉతుకులో. రంగు దిగడం, అతుకు విడటం, గుడ్డ ముడుచుకోవడం, గీతలు మచ్చలు కట్టడం, ఇవన్నీ చాలావరకు మొదటిసారి నీళ్లలో పడ్డప్పుడే బయటపడతాయి. మరి ఆ సమయంలో బొంత ఎవరి దగ్గరుండాలి? లోపల ఏ దూది పరిచారో, పైన ఏ పెన్నుతో గీశారో, ఆ ఎర్రముక్కని ముందు ఉతికి కోశారో లేదో తెలిసినవాళ్ల దగ్గరా? ఏమీ తెలియనివాళ్ల దగ్గరా? నా వాదనంతా ఇదే. మొదటి ఉతుకు కుట్టినవాళ్ల పని. కుట్టడంలో అది ఆఖరి మెట్టు. అంచు పట్టీ వెయ్యడంతో పని అయిపోయిందని అనుకుంటాం చూడండి, అక్కడ అవ్వలేదు.

గీతలతో మొదలుపెడతాను. ఎక్కువమంది దెబ్బతినేది అక్కడే. కుట్టు ఎక్కడ నడవాలో గుర్తుకి పైపొర మీద గీస్తాం కదా. సుద్దతో గీస్తే పెద్ద బాధ లేదు, దులిపితే చాలావరకు రాలిపోతుంది. నీళ్లకి పోయే నీలం పెన్ను ఎంతమంది వాడతారు? చేతులెత్తండి. చూశారా, సగానికి పైనే ఉన్నారు. ఆ పెన్ను మంచిదే. కానీ దానికి వేడి పడదు. గీత ఉండగానే ఇస్త్రీ పెట్టె తగిలిందంటే, ఆ నీలం గోధుమరంగు మచ్చయి గుడ్డలోనే ఉండిపోవచ్చు. కొన్ని రకాల డిటర్జెంట్లు తగిలినా అంతే, గీత పోకుండా నిలబడిపోతుంది. కాబట్టి ముందుగా సబ్బు లేని చల్లని నీళ్లు. బొంత మొత్తం మునగాలి. తడిగుడ్డతో అద్దితే పోతుంది కదా అంటారు. అద్దితే పోయినట్టే ఉంటుంది. కానీ ఆ సిరా ఎక్కడికి పోయింది? కింద దూదిలోకి దిగింది. ఆరేటప్పుడు తడితోపాటు మళ్లీ పైకి వస్తుంది. అప్పుడు అయ్యో, మొన్న తుడిచాను కదా అనుకుంటాం.

ఇప్పుడు ఈ బొంతని ఉతక్కుండా ఇచ్చామనుకోండి. తీసుకున్నవాళ్లు దాన్ని ముందు ఏం చేస్తారు? మడతలు పడ్డాయని ఇస్త్రీ చేస్తారు. లేదా వేడినీళ్లు, సబ్బు పొడి వేసి మెషీన్‌లో పడేస్తారు. వాళ్ల తప్పేం లేదు. అందరూ బట్టలు ఉతికేది అలాగే కదా. దానిలో సిరా ఉందని వాళ్లకి ఎలా తెలుస్తుంది?

వేడికి చెరిగే పెన్ను సంగతి ఇంకా చెప్పాలి. ఇస్త్రీ పెట్టె ఆనించగానే గీత మాయమవుతుంది, 60 డిగ్రీల వేడి చాలు. చాలా హాయిగా ఉంటుంది. కానీ మాయమైంది రంగు మాత్రమే, సిరా అక్కడే ఉంది. మైనస్ 10 డిగ్రీలు, ఇంకా దిగువకి చల్లబడితే మళ్లీ తేలుతుంది. గడ్డకట్టే చలిలో పార్సిల్ ప్రయాణం చేసిందనుకోండి, తెరిచేసరికి గీతలన్నీ కనిపిస్తాయి. ఇంటికెళ్లి ఒక ముక్క మీద గీసి, ఇస్త్రీ చేసి, ఫ్రీజర్‌లో పెట్టి చూడండి. మామూలు ఫ్రీజర్ మైనస్ 18 దగ్గర ఉంటుంది, అంత చలి చాలు. ముదురు గుడ్డల మీదైతే చెరిగినచోట కొన్నిసార్లు తెల్లటి చార కూడా పడుతుంది. ఉతికితే ఈ సిరా చాలావరకు వదులుతుంది. అయినా మొత్తం వదులుతుందని నేను మాటివ్వను. పైకి కనిపించే చోట ఈ పెన్ను వాడొద్దనే చెబుతాను.

ఇక బొంతలో మనం వదిలేసేవి ఇంకా ఉన్నాయి. పొరలు కదలకుండా కొట్టే జిగురు స్ప్రే. ముక్కలు సాగకుండా పెట్టిన గంజి. గంజి ఉన్న గుడ్డ బీరువాలో పడి ఉంటే పురుగు పడుతుంది, సిల్వర్‌ఫిష్‌కి అది తిండి. మిల్లులోనే గుడ్డకి పూసి పంపే పూతలు ఉంటాయి. నలగకుండా ఉండేందుకు వేసే పూతల్లో ఫార్మాల్డిహైడ్ ఉన్న రకాలు ఉన్నాయి, సున్నితమైన చర్మానికి అవి దురద పెడతాయి. ఉతికితే అవి తగ్గుతాయి. మన చేతి జిడ్డు, మన ఇంటి వాసన, కుక్కో పిల్లో ఉంటే దాని వెంట్రుకలు. మనకి మన ఇంటి వాసన తెలియదు కదండీ. ఎలర్జీ ఉన్నవాళ్లకి, ఆస్తమా ఉన్నవాళ్లకి, పసిపిల్లలకి తెలుస్తుంది. ఈ ఒక్క కారణం చాలు నాకు. పసిబిడ్డ చర్మానికి తగిలే గుడ్డని, నెలల తరబడి అందరి చేతుల్లో నలిగి, నేల మీద పరిచి, మిషన్ కింద దొర్లిన గుడ్డని, ఉతక్కుండా ఎలా ఇస్తాం?

అతుకుల సంగతి. ముక్కకీ ముక్కకీ మధ్య మనం వదిలే గుడ్డ పావు అంగుళం, అంటే దాదాపు 6 మిల్లీమీటర్లు. ఎక్కడో ఒకచోట చెయ్యి జరిగి అది 2 మిల్లీమీటర్లే పడిందనుకోండి, పొడిగా ఉన్నంతసేపూ ఎవరికీ తెలియదు. నీళ్లు తాగి బరువెక్కి, మెషీన్‌లో తిరిగినప్పుడు ఆ చోటు విడిపోతుంది. అది మన ఇంట్లో విడిపోతే ఏం చేస్తాం? అదే రంగు ముక్క మన డబ్బాలో ఉంటుంది, అదే దారం ఉంటుంది. పైకి కనిపించకుండా లోపలి టాకాలు వేసి మూసేస్తాం, పావుగంట పని. వాళ్లింట్లో విడిపోతే? చాలామంది చెప్పరండీ. మన మనసు నొచ్చుకుంటుందని చెప్పరు. మడిచి లోపల పెట్టేస్తారు. బొంత ఏమైందో మనకి ఎప్పటికీ తెలియదు.

మధ్య పొర కూడా అంతే. దూది ప్యాకెట్ మీద ఎన్ని అంగుళాలకి ఒక కుట్టు పడాలో రాసి ఉంటుంది, చదవండి. కొన్నింటికి ప్రతి 3, 4 అంగుళాలకి కుట్టు ఉండాలి, కొన్నింటికి 8 నుంచి 10 అంగుళాల దాకా వదిలినా పర్వాలేదు. కుట్లు దూరమైతే ఉతికినప్పుడు దూది జరిగి ఉండలు కడుతుంది. అది మొదట మన కంటపడితే మధ్యలో ఇంకో వరస కుట్టి ఇవ్వొచ్చు.

కొలత చూడండి. నూలు గుడ్డ, నూలు దూది మొదటి ఉతుకులో మామూలుగా 3 నుంచి 5 శాతం దాకా ముడుచుకుంటాయి. పాలిస్టర్ దూది పెద్దగా ముడుచుకోదు. 60 అంగుళాల బొంత 3 శాతం తగ్గితే దాదాపు 2 అంగుళాలు పోతాయి, 5 శాతమైతే 3 అంగుళాలు. మంచం కొలత తీసుకుని సరిగ్గా అంతే కుట్టారనుకోండి, ఉతికాక రెండువైపులా పొట్టిగా వేలాడుతుంది. ఉతికి ఇస్తే వాళ్ల చేతికి వెళ్లిన కొలతే దాదాపుగా నిలిచే కొలత.

రంగు సంగతి

ఇక్కడ కాస్త ఆగుతాను, భయం ఎక్కువగా ఉండేది దీని గురించే. ఎరుపు, ముదురు నీలం, నలుపు, ఊదా, ఇవి తెలుపు పక్కన కుట్టినప్పుడు టెన్షన్ పడనివాళ్లు ఎవరైనా ఉన్నారా? రంగు ఎందుకు దిగుతుందో తెలుసుకుంటే ఆ భయం సగం తగ్గుతుంది. నూలు గుడ్డకి ఇప్పుడు ఎక్కువగా వేసే రంగులు పోగుని గట్టిగా పట్టుకునే రకం. పట్టుకున్న రంగు అంత తేలిగ్గా వదలదు. కానీ అద్దకంలో వేసిన రంగంతా పోగుని పట్టుకోదు. మిగిలింది మిల్లులో బాగా జాడించి తీసెయ్యాలి. జాడింపు సరిగా చెయ్యకపోతే ఆ మిగులు గుడ్డలోనే ఉండి, మన ఇంట్లో నీళ్లలో దిగుతుంది. అంటే ఆ దిగేది ఎప్పటికీ పట్టుకోని రంగు. దాన్ని ఉప్పు వేసో, వెనిగర్ పోసో పట్టించలేం. ఇది చాలామంది నమ్మరు. ఉప్పు పని అద్దకం తొట్టిలో ఉంది, రంగు పోగు దగ్గరికి చేరడానికి. వెనిగర్ లాంటి పులుపు పని ఉన్నికి, పట్టుకి వేసే రంగుల్లో ఉంది. ఉతికేటప్పుడు నూలు బొంత మీద పోసినందుకు ఒరిగేదేం లేదు.

రంగు పట్టుకునే షీట్లు అమ్ముతారు కదా, వాటిని వెయ్యండి. మంచివే. కానీ అవి రంగు దిగకుండా ఆపవు, దిగి నీళ్లలో తేలుతున్నదాన్ని కొంత పట్టుకుంటాయి. ఎర్ర బొంతకి ఒకటి చాలదు, మూడు నాలుగు వెయ్యండి. షీటు బయటికి తీశాక బాగా రంగు అంటి ఉంటే ఇంకోసారి ఉతకాలన్నమాట. తెల్లగా వచ్చేదాకా.

అసలు ముందే పరీక్ష చెయ్యొచ్చు. తెల్లటి నూలు గుడ్డని తడిపి, అనుమానం ఉన్న ముక్క మీద పరిచి కొద్దిసేపు గట్టిగా ఒత్తి పెట్టండి. అంటిందా, అంటలేదా? కోయక ముందు చేస్తే ఇంకా మేలు, ఆ ఒక్క గుడ్డనే ముందు ఉతికి పెట్టుకోవచ్చు.

ఇంత చేసినా రంగు దిగి పక్క తెలుపుకి అంటింది. అప్పుడేం చెయ్యాలి? అన్నిటికంటే ముఖ్యమైన మాట ఇది, రాసుకోండి. ఆరబెట్టొద్దు. డ్రయర్‌లో అసలే వెయ్యొద్దు. తడిగా ఉన్నంతవరకు ఆ రంగు ఇంకా బయటికి వచ్చే దారి ఉంది. నూలు దూదో పాలిస్టర్ దూదో అయితే, పెద్ద తొట్టి నిండా వేడినీళ్లు, మామూలు కంటే ఎక్కువ డిటర్జెంట్ వేసి మునిగేలా నానబెట్టండి. పైకి తేలకుండా బరువు పెట్టండి. డిటర్జెంట్ ఆ రంగుని నీళ్లలోనే తేలుతూ ఉండేలా పట్టి ఉంచుతుంది, మళ్లీ గుడ్డ మీద కూర్చోనివ్వదు. కొన్ని గంటల తర్వాత నీళ్లు రంగుగా ఉంటే పారబోసి మళ్లీ పట్టండి. గ్లాసులో తీసి చూస్తే తెల్లగా ఉండేదాకా. ఒక రాత్రి పట్టొచ్చు, రెండు పట్టొచ్చు. ఇంత ఓపిక, ఇంత తెలివిడి కానుక అందుకున్నవాళ్లకి ఉండాలని మనం అడగగలమా? వాళ్లు గులాబీ రంగుకి తిరిగిన తెల్లముక్కలు చూసి, తామే పాడుచేశామని కుమిలిపోతారు.

ఇప్పుడు అవతలి వాదన. ఉతక్కూడదు అనేవాళ్ల మాటలో బలం లేదని నేను అనను. కొత్త బొంత చదునుగా, మూలలు కత్తిలా, కుట్టు గీత గీసినట్టు ఉంటుంది. ఉతికాక ముడతలు వస్తాయి, కుట్టు కుట్టుకీ మధ్య గుడ్డ పొంగుతుంది. కొందరికి ఆ చదునే అందం. ఇంకొందరు ఏమంటారంటే, గరుకుగా ఉన్న బొంత మెత్తబడటాన్ని తీసుకున్నవాళ్లే చూడాలి, ఆ సంతోషం మనం ఎందుకు తీసుకోవాలి అని. మంచి మాటే. కానీ ఒకటి అడుగుతాను. కత్తిలాంటి మూలలున్న బొంత చేతికిస్తే వాళ్లు ఏమంటారు? 'అబ్బ, ఎంత బాగుందో, దీన్ని వాడితే పాడైపోతుందేమో' అంటారు. అని బీరువాలో పెడతారు. మెత్తగా, ముడతలతో, సబ్బు వాసన కూడా లేకుండా చేతికొచ్చిన బొంతని మాత్రం అప్పటికప్పుడు ఒళ్లో వేసుకుంటారు. 'నేను ఒకసారి ఉతికాను, ఏమీ కాలేదు, మీరూ ఉతకండి' అని మీరు చెప్పగలిగితే వాళ్లకి ఎంత ధైర్యం! నాకు బొంత బీరువాలో ఉండటం కంటే మనిషి మీద ఉండటమే ఇష్టం. అందుకే కుట్టాను కదా.

గుడ్డలన్నీ ముందే ఉతికి కోశాం, మళ్లీ ఎందుకు అని ముందు వరసలో ఒకరు అడుగుతున్నారు. రంగు, ముడుచుకోవడం గురించి భయం తగ్గుతుంది, నిజమే. కానీ గీతలు, జిగురు, జిడ్డు, అతుకులు? అవన్నీ కోసిన తర్వాత వచ్చినవే కదమ్మా. ఉతకండి.

నీళ్లకి చూపించకూడనివి

గోడకి వేలాడదీసే బొంతల్ని ఉతకొద్దు. అవసరం లేదు. పట్టు, మఖమల్, ఉన్ని గుడ్డ, పూసలు, జరీ ఉన్నవాటిని మెషీన్‌కి దూరంగా ఉంచండి. ఎవరో పెద్దవాళ్లు ఎప్పుడో కుట్టి వదిలేసిన పాత పైపొరకి మీరు కొత్తగా దూది పెట్టి కుట్టినట్టయితే, ఆ గుడ్డ ఎంత బలంగా ఉందో తెలియకుండా తడపొద్దు. పాత నూలు పొడిగా ఉన్నప్పుడు బాగానే ఉండి నీళ్ల బరువుకి చిరుగుతుంది. పోటీకో ప్రదర్శనకో పంపేవి ఉంటే అవి అయ్యాక ఉతకండి.

ఇంకొకటి ఉంది, దీని గురించి నెమ్మదిగా చెప్పాలి. చనిపోయినవాళ్ల చీరలతో, చొక్కాలతో కుట్టే బొంతలు. మీలో కొందరు కుట్టారని నాకు తెలుసు. ఆ బట్టల్లో ఆ మనిషి వాసన ఉంటుంది. కొన్నాళ్లకి అది తనంతట తానే తగ్గిపోతుంది, కానీ ఉంది. ఉతికితే ఒక్కసారిగా పోతుంది, మళ్లీ రాదు. ఇలాంటి బొంత విషయంలో నేను చెప్పిన నియమాలన్నీ పక్కన పెట్టండి. కుట్టడం మొదలుపెట్టే ముందే ఆ కుటుంబాన్ని అడగండి. 'ఉతకమంటారా, అలాగే ఉంచమంటారా?' అని సూటిగా అడగండి. అడిగితే నొచ్చుకుంటారేమో అని సందేహించొద్దు. అడక్కుండా ఉతికేస్తే నొచ్చుకుంటారు. అలాగే ఉంచమన్నారా, వాటికి ఇస్త్రీకి గంజి పెట్టకండి, నీళ్లకి పోయే పెన్ను వాడకండి. సుద్ద ఒక్కటే.

ఉతకడం ఎలా అన్నది చాలావరకు మీకు తెలుసు, గబగబా చెబుతాను. ముందు అయస్కాంతం తీసుకుని బొంత రెండువైపులా నెమ్మదిగా తిప్పండి. గుండుసూది ఎక్కడైనా ఉండిపోతే పట్టేస్తుంది. అంచు పట్టీ పూర్తయి ఉండాలి, వేలాడే దారాలు లోపలికి లాగి ఉండాలి. మెషీన్‌లో ఆ బొంత ఒక్కటే వెయ్యండి. గీతలు పోయాక చల్లని నీళ్లో, 30 డిగ్రీలో చాలు. సున్నితమైన ఉతుకు పెట్టండి, వాసన లేని డిటర్జెంట్ కొంచెం వేసి, ఒక జాడింపు ఎక్కువ ఇవ్వండి. సాఫ్ట్‌నర్ వద్దు, అది గుడ్డ మీద పొరలా ఉండిపోతుంది, వాసన కూడా. లోపల ఉన్ని దూది ఉంటే వేడినీళ్లు, గట్టి తిప్పుడు రెండూ వద్దు, అట్టకట్టి కుదించుకుపోతుంది.

ఆరబెట్టడమే అసలు పని. తడి బొంత ఎంత బరువో ఎత్తినవాళ్లకి తెలుసు. ఒక అంచు పట్టుకుని ఎత్తితే ఆ బరువంతా కుట్ల మీద పడుతుంది, టాకాలు పటపటమని తెగుతాయి. కింద దుప్పటి వేసి, దుప్పటితో సహా ఎత్తండి. ఒకే తీగ మీద వేలాడెయ్యొద్దు. పక్కపక్కన మూడు నాలుగు తీగలుంటే వాటి మీదుగా పరవండి, లేదా నేల మీద శుభ్రమైన దుప్పటి పరిచి దాని మీద వెయ్యండి. ఎర్రటి ఎండలో వద్దు, గాలి ఆడే నీడ చాలు. పైకి ఆరినట్టుంటుంది, లోపల దూది తడిగానే ఉంటుంది. అతుకులు నాలుగు కలిసే చోట వేళ్లతో నొక్కి చూడండి, చల్లగా తగిలితే ఇంకా ఆరలేదు. తడి ఉండగా ప్యాక్ చేస్తే బూజు పడుతుంది. అందుకే రేపు ఇవ్వాలనగా ఇవాళ ఉతకొద్దు. అతుకు విడితే బాగుచెయ్యడానికి, రంగు దిగితే నానబెట్టడానికి కనీసం ఒక వారం చేతిలో ఉంచుకోండి.

ఆరాక వెలుతురులో రెండువైపులా చూడండి. ఇస్త్రీ చెయ్యకండి, ఆ ముడతలు అలాగే ఉండాలి. పేరూ సంవత్సరమూ రాసే లేబుల్ ఉతకకముందే కుట్టి ఉంటే, దాని సిరా నిలుస్తుందో లేదో కూడా ఇప్పుడే తేలిపోతుంది.

బొంతతోపాటు చిన్న కాగితం పెట్టండి. ఒకసారి ఉతికామని రాయండి. పైన ఏ గుడ్డో, లోపల ఏ దూదో రాయండి. చల్లని నీళ్లు, కొంచెం సబ్బు, బ్లీచ్ వద్దు, నీడలో పరిచి ఆరబెట్టండి. నాలుగు ముక్కలు చాలు. చిరిగితే నాకు పంపండి, కుట్టిస్తాను అని కూడా రాయండి, రాసింది చెయ్యండి.

ఆస్పత్రికో ఆశ్రమానికో ఇచ్చేటప్పుడు వాళ్ల నియమం ఏమిటో ముందు అడగండి. ఉతికి, సీల్ చేసిన కవర్లో పెట్టమనేవాళ్లు ఉంటారు.

ఇప్పటికే ఉతక్కుండా ఇచ్చేసినవి ఉంటే? ఏం చేస్తాం, ఫోన్ చెయ్యండి. ఇంకా ఉతకలేదంటే, 'మొదటిసారి సబ్బు లేకుండా చల్లని నీళ్లలో నానబెట్టండి, అప్పటిదాకా ఇస్త్రీ పెట్టకండి' అని చెప్పండి. దగ్గర్లో ఉంటే వెళ్లి తెచ్చుకుని మీరే ఉతికివ్వండి.

ఇంక మాటలు చాలు. మీలో కొందరు కుట్టినవి వెంట తెచ్చారు కదా. ఆ ఎరుపూ తెలుపూ కలిపి కుట్టిన బొంత ఎవరిదండీ? మీదేనా? ఇలా బల్ల మీదికి తీసుకురండి, తడిగుడ్డ పెట్టి చూద్దాం.